రెడ్ పెన్ ఆంటీ

ఆ ఉదయం మా ఇంట్లో గొడవ ఒక ఒత్తు దగ్గర మొదలైంది.

"కార్తీక పౌర్ణమి సందర్భంగా వార్డు ప్రజలకు హార్థిక శుభాకాంక్షలు" అని మా ఆయన జనార్దన్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద చేతులు జోడించిన తన ఫొటో. పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపల నేను ఫోన్ తీసి, "హార్థిక కాదు, హార్దిక" అని రాశాను.

పాలకంటే ముందు ఆయన పొంగాడు. ఫోన్ పట్టుకుని వంటింటి గడప దాకా వచ్చాడు.

"ఇంట్లనే ఉన్న గదా నేను. నోటితోని చెప్పరాదా? మూడువందల ఎనభై మంది ముంగట ఇజ్జత్ తీస్తవా?"

"నిరుడు దసరాకు నోటితోనే చెప్పిన. విన్నరా? ఆ ఫ్లెక్సీ బస్‌స్టాప్ కాడ ఇప్పటికీ వేలాడుతున్నది, అదే ఒత్తుతోని."

"ఒక్క ఒత్తుకు ఏమైతదే?"

"ఏం గాకపోతే సక్కగనే పెట్టొచ్చు గదా."

వాకిట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అత్తమ్మ లక్ష్మమ్మ, ఎవరితోనో అంటున్నట్టు గోడతో అంది: "నా కూరల ఉప్పు దిద్దుడైంది. నా బతుకమ్మ పాట దిద్దుడైంది. ఇగ మొగని వంతు వచ్చింది. నేను సస్తే గా కబురు గూడ దిద్దినంకనే పంపుతది, సూడుండ్రి."

మా అమ్మాయి నయన దుండిగల్ దగ్గర ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. కాలేజీ బస్సు కోసం షూ లేసు కట్టుకుంటూ పకపకా నవ్వింది. "మమ్మీ, గ్రూపుల నీకు పేరు పెట్టిన్రు, ఎరుకేనా? రెడ్ పెన్ ఆంటీ."

"పెట్టుకోనీ. కనీసం దాంట్లో తప్పులు లేవు" అన్నాను.

మాది శామీర్‌పేట దాటాక వచ్చే ఊరు. ఊరు మున్సిపాలిటీలో కలిసిపోయాక వార్డు అయింది. అంతకు ముందు డప్పు కొట్టి చెప్పే సంగతులన్నీ "మన వార్డు – మన మాట" అనే గ్రూపులోకి వచ్చాయి. నల్లా ఎప్పుడొస్తుంది, కరెంటు ఎప్పుడు పోతుంది, ఎవరి గేదె తప్పిపోయింది, అన్నీ అందులోనే. నేను డిగ్రీలో స్పెషల్ తెలుగు చదివాను. ఇరవై ఒక్కేళ్ళ కాపురంలో ఆ సంగతి ఎవరికీ అవసరం పడలేదు. కానీ నా కళ్ళకు మాత్రం పడుతూనే ఉంది. "విధ్యార్థులు" అని చూస్తే, పళ్ళెంలో వెంట్రుక కనపడినట్టు ఉంటుంది నాకు. తీసి పక్కన పెడితే గానీ ముద్ద దిగదు. "ప్రారంబోత్సవం", "అద్యక్షులు", "ముఖ్య అథితి". రోజుకు నాలుగైనా దిద్దేదాన్ని. ఎవరూ దిద్దుకునేవారు కాదు. మళ్ళీ వారం అవే.

ఒకసారి మాత్రం ఆగి ఉండాల్సింది. ఒకాయన వాళ్ళ నాయిన ఫొటో పెట్టి "అశ్రునయనాలతో శ్రద్దాంజలి" అని రాశాడు. నేను ఒత్తు సరిచేశాను. ఆయన ఒకే ఒక్క మాట రాశాడు: "మా బాపు సచ్చిండమ్మా."

నాలుగు రోజులు ఆగాను. ఐదో రోజు ఎవరో "ఉచిత వైధ్య శిబిరం" అని పెట్టారు.

ఇంట్లో అందరూ విసుక్కుంటున్న ఆ రోజుల్లో నన్ను మెచ్చుకున్నది ఒక్కడే, మా మరిది శ్రవణ్. ఊరి చెరువుకు ఎగువన కొత్తగా వెంచర్ వేసి ప్లాట్లు అమ్ముతున్నాడు. మా ఆయనకు అందులో వాటా ఉంది. శ్రవణ్ ఇల్లు మా పక్కనే, భోజనం సగం రోజులు మా ఇంట్లోనే.

"అన్నకు దెల్వదు గానీ వదినా, నువ్వుంటేనే గా గ్రూపు సక్కగుంటది" అన్నాడు ఒకనాడు చాయ్ తాగుతూ. "ఎవడు వడితే వాడు ఏది వడితే అది రాస్తుండు. ఒకరు అడిగేటోళ్ళు ఉండాలె."

ఆ తర్వాత అప్పుడప్పుడు గ్రూపులో వచ్చిన మెసేజ్‌లను ఫొటో తీసి నాకు విడిగా పంపేవాడు. "వదినా, గిది సూడు" అని. నేను చూసేదాన్ని. దిద్దేదాన్ని. నిజం చెప్పొద్దూ, నా చదువును ఆ ఇంట్లో ఒకరైనా గుర్తించారని లోపల సంతోషంగానే ఉండేది.

మార్గశిరంలో వార్డుల రిజర్వేషన్లు వచ్చాయి. మాది మహిళలకు వచ్చింది. మా ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కౌన్సిలర్‌గా నిలబడాలని ఆరు నెలలుగా అందరి పెళ్ళిళ్ళకూ పురుళ్ళకూ తిరిగిన మనిషి మరి. మూడో రోజు శ్రవణ్ వచ్చి తేల్చేశాడు.

"ఏముందన్నా గిండ్ల పరేషాన్ అయ్యేటందుకు? వదినె లేదా? డిగ్రీ సదివింది. తెలుగు ఎట్లుంటదో ఊరందరికీ ఎరుకే. అవతలి పార్టోళ్ళ కాడ గసొంటి క్యాండిడేట్ ఉన్నదా?"

మా ఆయన మొహం వెలిగింది. నా వైపు చూశాడు. అడగడానికి కాదు, కొలవడానికి.

"నాకేం తెలుసు రాజకీయం?" అన్నాను.

"నీకు తెల్వాల్సిన పనేముంది?" అన్నాడు మా ఆయన. "సంతకం నువ్వు పెట్టు. సంగతి నేను సూస్కుంట. కాకపోతే ఒక్క కండిషన్. గా దిద్దుడు బంద్ జెయ్యాలె. ఓట్లు పోతయ్."

"గట్ల బంద్ ఎందుకన్నా?" అన్నాడు శ్రవణ్ వెంటనే. "కొంచెం చూసి దిద్దుతది. ఏది దిద్దాల్నో నేను జెప్త."

అప్పుడు నాకు ఆ మాట మర్యాదగానే వినపడింది.

తర్వాతి వారమే శ్రవణ్ నుంచి ఫొటో వచ్చింది. "వదినా, ఒక్క లైన్ల ఎన్ని తప్పులో లెక్కవెట్టు."

రాసింది సాలమ్మ. చెరువు కింది గల్లీలో ఉంటుంది, శామీర్‌పేట రోడ్డు పక్కన చేపలమ్ముతుంది. మా ఇంటికి ఏళ్ళుగా ఆమె దగ్గరే చేపలు. గ్రూపులో ఆమె రాయడం అదే మొదటిసారి.

"మా గల్లిల మోరి నీల్లు ఇండ్లల్ల కస్తున్నయ్ చెర్ల షాపలు సస్తున్నయ్ ఎవ్వలు పట్టిచ్చుకుంటలేరు"

నేను రాశాను: "నీల్లు కాదు, నీళ్ళు. షాపలు కాదు, చేపలు. సస్తున్నయ్ కాదు, చస్తున్నాయి. వాక్యానికీ వాక్యానికీ మధ్య చుక్క పెట్టాలి."

ఇరవై నవ్వు బొమ్మలు పడ్డాయి. "రెడ్ పెన్ ఆంటీ జిందాబాద్" అన్నారెవరో. సాయంత్రం నయన బస్సు దిగి వచ్చీరాగానే, "అవ్వ గూడ షాపలనే అంటది గదా మమ్మీ. అవ్వను దిద్దినవా?" అంది.

"రాయడం వేరు, మాట్లాడడం వేరు" అన్నాను. "చేతులు కడుక్కో."

నాలుగు రోజులకు సాలమ్మ మళ్ళీ రాసింది. ఈసారి పొడుగ్గా. శ్రవణ్ ఫొటో వెంటనే వచ్చింది, ఏమీ రాయకుండా. ముందటి దానికంటే ఎక్కువ తప్పులున్నాయి. పొయ్యి మీద పులుసు మరుగుతోంది. నేను గబగబా ఆరు దిద్దాను. నవ్వులు. ఆ వెనకే ఎవరిదో పుట్టినరోజు కేకు ఫొటో. ఆ వెనక "సాలమ్మ గ్రూపు నుంచి వెళ్ళిపోయారు" అని ఒక సన్నటి లైను.

ఆదివారం నేను చేపలకు పోయాను. రోడ్డు పక్కన నీలం కవరు పరిచి, కత్తిపీట ముందు కూర్చుని ఉంది సాలమ్మ. నన్ను చూసి లేవలేదు. నవ్వింది మాత్రం.

"రా పటేలమ్మా. ఏం గావాలె? షాపలా, చేపలా?"

పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఒక బొచ్చె చేప కొట్టియ్యి" అన్నాను.

"షాపలంటే తూకం తక్కువ పడ్తదా ఏంది?" అంటూ చేపను తీసి బండ మీద వేసింది. పొలుసు గీకుతూ తల ఎత్తకుండా చెప్పింది: "గివి మన చెరువుయి గావు. దూరంకెల్లి దెప్పిచ్చినం. మన చెర్ల ఒక్కటి బతుకుతలేదు. మా ఆయన పరమేశ్ కాళ్ళు సూస్తివా? మోరి నీళ్ళల్ల నాని నాని వేళ్ళ సందులన్ని ఒరిసిపోయినయ్. చెప్పులెయ్యనొస్తలేదు."

"ఎక్కడివి ఆ నీళ్ళు?"

సాలమ్మ చేతిలో కత్తి ఆగింది. నన్ను సూటిగా చూసింది.

"రాసిన గదా."

"మురుగు నీళ్ళొస్తున్నాయని రాసినవు. ఎక్కడివని రాయలేదు గదా?"

"రెండోపారి రాసిన. పొద్దుగూకేదాక ఒక్కో అచ్చరం ఎతుక్కుంట రాసిన. నా బిడ్డ ప్రియాంక నేను కొడ్తనే అంటే, వద్దు, నా బాధ నేనే రాస్త అన్న." కత్తి మళ్ళీ కదిలింది. "నువ్వు సదువలే పటేలమ్మా. దిద్దినవ్."

చేప ముక్కలు కవర్లో వేసి ఇచ్చింది. ఆమె మొహంలో కోపం కూడా లేదు. తూకం అయిపోయిన త్రాసులా ఖాళీగా ఉంది.

ఇంటికొచ్చి చేపల కూర పొయ్యి మీద పెట్టి, అత్తమ్మను చూస్తూ ఉండమని చెప్పి, ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి పోయాను. సాలమ్మ గ్రూపు నుంచి వెళ్ళిపోయినా ఆమె రాసింది మిగిలే ఉంది. నా దిద్దుబాటు కింద.

"ఎంచరోల్లు కాల్వ పుడిసి రోడ్డేసిన్రు గండుకే నీల్లు మా గల్లికస్తున్నయ్ జనార్దన్ పటేల్ కు సెప్పినం శ్రవణ్ పటేల్ కు సెప్పినం"

దాని కింద నేను: "ఎంచరు కాదు, వెంచర్. పుడిసి కాదు, పూడ్చి. గండుకే కాదు, అందుకే..."

ఇంట్లో మనుషుల పేర్లు రెండు ఉన్నాయి అందులో. ఒకటి నాకు తాళి కట్టినవాడిది. ఆ పేర్లలో తప్పులు లేవు. బహుశా అందుకే నా కన్ను వాటి మీద ఆగలేదు.

అప్పుడు శ్రవణ్ పంపిన ఫొటోలన్నీ మొదటి నుంచీ తీశాను. పదకొండు. వెంచర్ కోసం తవ్వి పగలగొట్టిన నల్లా పైపు. వెంచర్ లారీలకు విరిగిన బడి గోడ. ప్లాట్ల హద్దులోకి పోయిన గేదెల దారి. మళ్ళీ నల్లా పైపు. పదకొండింటిలో తొమ్మిది అవే, మిగిలిన రెండూ సాలమ్మవి. శుభాకాంక్షలు ఒక్కటి లేదు, వైద్య శిబిరం లేదు. అవన్నీ నేను నా అంతట నేను దిద్దినవి. ప్రతి ఫిర్యాదు కిందా నేను, నా కింద నవ్వులు, ఆ నవ్వుల కింద ఎవరిదో కేకు. ఒక్కదానికీ ఎవరూ జవాబివ్వలేదు. సాలమ్మ తప్ప అడిగినవాళ్ళెవరూ మళ్ళీ అడగలేదు.

నా దిద్దుబాట్లలో ఒక్క తప్పు లేదు. రెండుసార్లు చూశాను.

"కూర అడుగంటుతాంది, ఏడ సచ్చినవే?" అని అత్తమ్మ కేకేసింది.

మర్నాడు పొద్దున నయన వెనక స్కూటీ మీద కూర్చుని చెరువు కింది గల్లీకి పోయాను. రెండు నెలలుగా ఒక్కసారైనా ఆ పక్కకు పోలేదు. ఇళ్ళ గడపల ముందు సిమెంటు బస్తాల్లో మట్టి నింపి అడ్డం పెట్టుకున్నారు. మురుగు నీళ్ళు నల్లగా, చిన్నగా, తొందరేమీ లేనట్టు వాటి కింద నుంచి లోపలికి పోతున్నాయి. ఎగువన శ్రవణ్ వేసిన రోడ్డు నున్నగా మెరుస్తోంది. నయన ముక్కుకు చున్నీ కట్టుకుని, "గిది మన బాబాయిదే గదా మమ్మీ?" అంది. నేను సంచి భుజానికి సర్దుకుని ముందుకు నడిచాను.

సాలమ్మ గడప మీద పీట వేసింది. నేను సంచిలో నుంచి తెల్లకాగితాలు తీశాను.

"నువ్వు చెప్పు. నేను రాస్త. కమిషనర్‌కు."

"దిద్దవు గదా?" అంది, వెక్కిరింపుగానే.

"దిద్ద."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. చెయ్యి ప్రతి మాట దగ్గరా గుంజుకుపోయింది. పట్టుకుని ఉన్నాను. "మా తాత నాటి నుంచి గా కాల్వ ఉన్నది. రెండు గజాల ఎడల్పు. పైన వాన పడ్తె సక్కగ చెర్లకొచ్చేది. ఇప్పుడు కాల్వ లేదు, మోరి వచ్చింది. షాపలు సస్తున్నయ్..." నేను "షాపలు" అని రాశాను. సాలమ్మ వంగి కాగితం వైపు చూసింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.

"చేపలని రాయి పటేలమ్మా."

"నువ్వన్నదే రాసిన గదా."

"నేనంటె నేనంట. ఆఫీసుకు పోయే కాయితం గిది. నవ్వుతరు." ఆగి, మెల్లగా అంది, "నవ్వుతరని నాకిప్పుడు ఎరుకే గదా."

కొట్టేసి "చేపలు" అని రాశాను. ఆ ఒక్క మాట దిద్దినంత కష్టంగా ఏ మాటా దిద్దలేదు.

గల్లీలో ఇరవై ఆరు ఇళ్ళ వాళ్ళు సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. మొదటి గీత ఖాళీగా ఉంచమన్నాను.

నామినేషన్ ఆ పై సోమవారం. ముందు రోజు మధ్యాహ్నం మా ఇంట్లో మటన్ వండించారు. ఉదయం నుంచి వచ్చిపోయిన జనం అప్పటికి పలచబడి, ఇంటివాళ్ళమే మిగిలాం. మా ఆయన, శ్రవణ్, నయన, అత్తమ్మ కింద చాప మీద వరుసగా కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను.

"రేపు పదకొండింటికి ర్యాలీ బయలెల్తది" అన్నాడు మా ఆయన ఎముక నుంచి మూలుగ లాగుతూ. "నువ్వు గా ఎర్రంచు చీర కట్టు. మైకుల నేను మాట్లాడ్త. నువ్వు దండం పెడ్తే సాలు."

"ఫారం నింపిచ్చినం వదినా" అన్నాడు శ్రవణ్. "సంతకాలే బాకీ. కావాల్నంటే తప్పులున్నయేమో సూడు." నవ్వాడు. "ఒత్తులు గిత్తులు."

నేను కూర గిన్నె కింద పెట్టాను. అల్మారాలోంచి కాగితం తీసి నయన పళ్ళెం పక్కన పెట్టాను.

"రేపు పదకొండింటికి నామినేషన్ గదా. పదింటికి నేను కమిషనర్ ఆఫీసుకు పోతున్న. గీ కాయితం ఇచ్చొస్త. చెరువు కాల్వ తెరిపియ్యాలని. మొదటి సంతకం నాది. ఇచ్చినంక గూడ నేనే నిలబడాల్నంటే నిలబడ్త, మైకుల మాట్లాడేది గూడ నేనే. వద్దంటే ఆ ఫారం మీ ఇష్టం. కాయితమైతే పోతది."

ఎవరి చెయ్యీ నోటి దాకా పోలేదు.

"మజాక్ జేస్తున్నవా వదినా?" అన్నాడు శ్రవణ్.

"పదకొండు ఫొటోలు పంపినవు నాకు. అవి మజాకా?"

"నేను సూడుమన్న. దిద్దుమన్ననా? దిద్దింది నువ్వు."

అది నిజం. దాన్ని దిద్దడానికి నా దగ్గర ఏమీ లేదు.

"అవును. నేనే" అన్నాను.

మా ఆయన ఎముకను పళ్ళెంలో పెట్టి, చాలా మెల్లగా, "ఇంటి మీద నువ్వే కంప్లయింట్ రాస్తవానే?" అన్నాడు.

"ఇంటి మీద గాదు. కాల్వ మీద."

అత్తమ్మ నయనను మోచేత్తో పొడిచింది. "ఏం రాసిందో సదువు."

"అవ్వా, తింటున్న..."

"సదువుమన్న."

నయన ఎడమచేత్తో కాగితం పట్టుకుని చదివింది. కమిషనర్ గారికి అన్న దగ్గర నుంచి. అత్తమ్మ కళ్ళు మూసుకుని వింది. నాకు ఆమె కొడుకుల మొహాలు చూసే ధైర్యం లేక, ఆమె మొహమే చూస్తూ నిలబడ్డాను.

"మా తాత నాటి నుంచి గా కాల్వ ఉన్నది. రెండు గజాల ఎడల్పు..."

"ఆగు" అంది అత్తమ్మ. కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఇరవై ఒక్కేళ్ళుగా తనను దిద్దుతున్న కోడలిని.

"తప్పు రాసినవ్. రెండు గాదు, నాలుగు గజాలు. నేను కాపురానికొచ్చిన నాడు ఎడ్లబండి దిగి ఎక్కింది గా కాల్వల. గా అంచుకు బండి ఒరిగి నా పెండ్లి పెట్టె నీళ్ళల్ల వడ్డది. నాకెరుకలేదా?"

"అమ్మా!" అన్నాడు శ్రవణ్.

"నువ్వు నోరు మూసుకుని తిను." మళ్ళీ నా వైపు తిరిగింది. "నాలుగని దిద్దు. కింద నా ఏలిముద్ర గూడ తీస్కో."

నయన బ్యాగులో పెన్ను దొరికింది. గోడకు కాగితం ఆనించి, రెండు కొట్టేసి నాలుగు రాశాను. మా ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేవబోయి, వాళ్ళమ్మ చూపుకు మళ్ళీ కూర్చున్నాడు.

"ఇగ సక్కగుంది" అంది అత్తమ్మ. పక్కకు జరిగి చాప మీద చోటు చూపించింది. "కూసో. నువ్వు గూడ తిను. సల్లారిపోతాంది."